రూతమ్మ కొడుకు

ప్రకాశరావు పేరెత్తితే చాలు, భూషణానికి కడుపు రగిలిపోతుంది. సుఖమంతా వాడిది. చాకిరీ అంతా తనది. వాడు మొహం చాటేసి మూడేళ్ళు దాటింది. ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. తల్లి ఉందో పోయిందో కనుక్కుందామని ఒక్క ఫోన్ లేదు.

ఇక్కడ బందరులో, రెండు గదుల పెంకుటింట్లో, రూతమ్మ మంచం పట్టింది. భూషణం తెల్లారకుండానే గిలకలదిండి హార్బరుకి పోయి ఐసు దిమ్మలు మోస్తాడు. వచ్చి, ఆ కొయ్యబారిన చేతుల్తోనే ఆవిడకి పక్కబట్టలు మారుస్తాడు. ఒళ్ళు తుడుస్తాడు. గంజి తాగిస్తాడు.

"ఉప్పు లేదు," మొహం తిప్పేసుకుంది రూతమ్మ. "మా ప్రకాశమైతే సరిగ్గా వేస్తాడు."

"ఎందుకు వెయ్యడూ! ఎదుటోడి కంచంలో కూడు లాక్కుని మరీ వేస్తాడు. తాగమ్మా, తాగు."

ఆవిడ బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు చూస్తే అతనికి ఇంకా మంట.

పోయిన వారమే ఆటోలో పరుపేసి, ఆవిడని గుడివాడలో ఒక వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళాడు. "కొడుకున్నవాళ్ళని చేర్చుకోమండీ," అని గేటు దగ్గరే తేల్చేశారు.  అదే ఆటోలో, అదే పరుపు మీద వెనక్కి తెచ్చుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టరుగారు రూతమ్మకి రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి ఇంటికే వచ్చారు.

"మా ప్రకాశం గుడికొచ్చాడా అయ్యగారూ?" అనడిగింది ఆవిడ.

ఆయన భూషణం వైపు తిరిగారు. "ఇన్నాళ్ళు మంచంలో ఉన్న మనిషి. వీపు మీద ఒక్క పుండు లేదు. తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞ మేం పైకి చదువుతాం. నువ్వు చేస్తున్నావయ్యా."

అంతలో ఫోన్ మోగింది. ప్రభావతి. విసిగిపోయి గుడివాడ పుట్టింటికి వెళ్ళిపోయిన భార్య.

"ఇవాళ సాయంత్రానికి వస్తావా, రావా? ఇంకోసారి అడగను."

"ఈవిడని ఎవరికి అప్పజెప్పి రమ్మంటావ్?"

"నన్ను కట్టుకున్నావా, ఆ మంచాన్ని కట్టుకున్నావా? అది చెప్పు ముందు!"

భూషణం గుమ్మం వైపు చూశాడు. గుమ్మం దాటితే రోడ్డు. రోడ్డెక్కితే గుడివాడ బస్సు. రూతమ్మ వేళ్ళు అతని మణికట్టు చుట్టూ ఉన్నాయి. పెద్ద పట్టేం కాదు. విదిలిస్తే ఊడిపోతుంది.

"రాలేను," అన్నాడు.

అవతల ఫోన్ పెట్టేసింది.

పాస్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "దేవుడు చూస్తున్నాడు బాబూ. ఆ ప్రకాశరావుని కూడా క్షమించెయ్యి. ఎంతైనా నీ తోడబుట్టినవాడు."

భూషణం ఫోన్ కింద పెట్టాడు.

"వాడు నాకు తోడబుట్టలేదండి అయ్యగారూ, దొంగసంతకంతో నా పొలం అమ్ముకుని పారిపోతే, చొక్కా పట్టుకుని నిలదీద్దామని ఈ ఇంటికొచ్చిన రోజు ఈవిడొక్కతే ఇట్లా మంచంలో ఉంది; నాకు పోయింది ఘంటసాలలో ఎకరం ముప్పై సెంట్లండి."