కొంగున ఫ్యూజు

జనగామ జిన్నింగ్ మిల్లులో ఆ పొద్దు పాఠం చెప్పేది ఫిట్టర్ మాజిద్, వినేది పదిమంది కూలీలు, మార్కులు వేసేది హైదరాబాద్ నుంచి వచ్చిన వెంకట్రాం.

మాజిద్ కార్మికుల భద్రత శిక్షకుడు కావడానికి ఇక రెండే మిగిలాయి. ఈ పాఠం, మిల్లు యజమాని జగపతి సంతకం.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. వెంకట్రాం ఎవరి మోటారు సైకిలో పట్టుకుని వచ్చాడు. వస్తూనే, ఈ యాస వదిలి మంచి తెలుగులో చెప్పమన్నాడు.

"మిషిన్ల చేతులు పెట్టేది వీళ్లు సార్. వీళ్ల బాసలనే చెప్త," అన్నాడు మాజిద్.

శిక్షణ పుస్తకంలోని ఒక ప్రమాదం ఎత్తుకున్నాడు. నెల్లికుదురు దిక్కు ఒక మిల్లు. యంత్రం కింద మనిషి ఉండగానే, యజమాని అరిచాడని అక్కడే కూలి చేసే అతని భార్యే ఫ్యూజు పెట్టింది.

"గంత బుద్ధి లేని ఆడిమనిషి ఉంటదా ఎక్కడన్న?"

అందరూ నవ్వారు. పది రోజుల కిందటే పనిలో చేరిన ముసలామె గంగి నవ్వలేదు.

"ఆమె పేరేంది బిడ్డా?"

"రాయలే అవ్వా. సచ్చినాయన పేరు సక్రు."

అంతలో కరెంటు పోయింది. భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగినప్పటి నుంచి అది ఎప్పుడు పోతుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు.

జగపతి ఖాళీ గంటను ఊరికే పోనిచ్చే మనిషి కాదు. పత్తి గింజలు పోయే కాలువ శుభ్రం చేయమని నలుగురిని యంత్రాల కిందికి దింపాడు.

దిగే ముందు గంగి యంత్రాల మెయిన్ ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది. రోజూ అంతే. తాళంచెవుల అవ్వ అని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు.

కరెంటు వచ్చింది. జగపతి ఫ్యూజు పెట్టమన్నాడు.

"నలుగురం దిగినం. ముగ్గురమే వచ్చినం," అంది గంగి.

ఉప్పలయ్య బీడీకి పోయుంటాడన్నాడు జగపతి. కేకేస్తే పలకలేదు కాబట్టి లోపల లేనట్టేనన్నాడు. ఫ్యూజు ఇస్తావా, పని మానుకుంటావా అన్నాడు.

గంగి కొంగు నడుముకు చుట్టి దోపుకుంది.

"పని ఇడిచిపెడ్త. మనిషి కనవడ్డంక."

సంతకం కావాలంటే ఆ ఫ్యూజు తెమ్మని జగపతి మాజిద్‌తో అన్నాడు.

మాజిద్ తూచి చూసుకున్నాడు. రెండేళ్ల కష్టం ఒక దిక్కు, ముసలామె మొండితనం ఒక దిక్కు. చెయ్యి చాపాడు.

"పొద్దున నువ్వు చెప్పింది మాకా, పరీచ్చ సారుకా?" అంది గంగి.

చాపిన చెయ్యి వెనక్కి వచ్చింది. మాజిద్ కాలువలోకి దిగాడు.

చివరి మలుపులో ఉప్పలయ్య దుమ్ముకు ఊపిరాడక సొమ్మసిల్లి ఉన్నాడు. గింజలు తోసే మర మీదే అతని చెయ్యి.

బయటికి మోసుకొచ్చి నీళ్లు చల్లితే కళ్లు తెరిచాడు. గంగి కొంగుముడి విప్పింది. ఫ్యూజు మాజిద్ చేతిలో పెట్టి, సద్దిగిన్నె తీసుకుని గేటు దాటింది.

వెంకట్రాం పాసని రాశాడు. ఆయన చూస్తుండగా జగపతి సంతకం పెట్టాడు.

"రేపు అవ్వ పనిల లేకుంటే నేనూ ఉండ పటేలా," అన్నాడు మాజిద్.

రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆమె జాడ లేదు. ఊరైనా తెలుస్తుందని వెనక్కి వచ్చి హాజరు పుస్తకం తెరిచాడు.

గంగి, భర్త కీర్తిశేషులు సక్రు, ఊరు నెల్లికుదురు అని ఉంది.