మూకీకి కథ చెప్పే మనిషి

బీదర్‌లోని పాత టాకీసులో ఒక్కో దశాబ్దంలో వచ్చిన ఫ్రెంచి సినిమా ఒకటి చొప్పున, రాత్రికొకటి వేస్తున్నారు. ఊరి కుర్రాళ్లంతా హైటెక్ సిటీ కొలువులకు పోయారు. మొదటి రాత్రే ఒక్కరూ రాలేదు. ఖాళీ హాలైనా బొమ్మ ఆడాల్సిందేనని ఓనరు హుకుం. ఆపరేటర్ నవనాథ్ తిట్టుకుంటూ గేటుకు తాళం వేసి, పై అంతస్తులోని ప్రొజెక్టర్ గదికెళ్లి మూకీ సినిమా మొదలుపెట్టాడు.

కింద హాల్లో ఎవరో ఆడమనిషి, మూకీల కాలంలో తెర పక్కన నిలబడి చెప్పినట్టు, కథ చెబుతోంది.

"పెండ్లాం అలిగి పోతాంది. మొగడు తలుపు మూస్తుండు."

నవనాథ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరే అది? టికెట్ లేకుంట సొచ్చి మళ్ల లొల్లా? నోర్ముయ్!"

గొంతు ఆగలేదు. మిషన్ ఆపేసి, పళ్లు కొరుకుతూ మెట్లు దిగాడు. తెర నల్లబడినా ఆమె చెబుతూనే ఉంది.

"మిషన్ నడిపెటాయన కోపంతోని మెట్లు దిగుతుండు. ఎనక ఎవరొస్తుండ్రో చూస్తలేడు."