గుడ్డు పెంకు రుజువు

అది చెరువో మడుగో నాకిప్పుడు సరిగా గుర్తు లేదు; నా జ్ఞాపకాన్ని నేనే పూర్తిగా నమ్మను. నీళ్లు తగ్గిన ఏడు, బయటి పక్షులను పంపించివేయాలని అక్కడి పంచాయతీ తీర్మానించింది. ఇక్కడే పుట్టినట్టు రుజువుగా ప్రతి పక్షీ తన గుడ్డు పెంకు చూపించాలి.

తనిఖీకి వచ్చిన ముసలి తాబేలు నీటికోడిని అలసటగా అడిగింది: “పెంకేదమ్మా?”

“నాది లేదు తాతా, ఎండిన కుంట నుంచి వచ్చాను. నా పిల్లలవి ఇవిగో, పొద్దున్నే పగిలాయి.”

“సర్పంచి కొంగగారి పెంకు ఎవరైనా చూశారా?” అని బాతు నవ్వింది.

“నేను అడిగేవాణ్ణి, చూపించేవాణ్ణి కాను,” అంది కొంగ. “పెంకులున్నాయి కనుక పిల్లలు ఉండవచ్చు. తల్లి చీకటి పడకముందే వెళ్లాలి.”

తాబేలు తల లోపలికి ముడుచుకుంది. పిల్లలు తల్లి రెక్క కిందనుంచి కదలలేదు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. అది మాత్రం కావాలనే రాయలేదు.