చెవిబిళ్ల తీసి ఆడే ఆట

రిసెప్షన్లలో ఆటలు ఆడించడం వకుళ పని. ఎదుటి మనిషి పేరూ, మరిచిపోయిన పాటా చెవిలో చెప్పేసే చెవిబిళ్లలు ఇంటింటికీ వచ్చాక అంతాక్షరిలో ఎవరూ ఓడిపోవడం లేదు, ఎవరికీ నవ్వు రావడం లేదు. అందుకే రాజమండ్రిలో ఆ రోజు ఆమె వేరే ఆట ఎంచుకుంది. చెవిబిళ్ల తీసి పళ్లెంలో పెట్టి, ఎదురుగా నిలబడ్డవాళ్ల పేరు చెప్పాలి.

పెళ్లికొడుకు సొంత మేనత్త పేరు తప్పు చెప్పి గుంజీలు తీశాడు. హాలంతా నవ్వులే.

"ఇప్పుడు బాబాయిగారి వంతు," అంటూ వకుళ పెళ్లికూతురి తండ్రి ప్రకాశరావును పిలిచింది.

"నాకెందుకులేమ్మా," అన్నాడాయన. ఆమె బతిమాలింది. చివరికి ఆయన చెవిబిళ్ల తీసి, ఎదురుగా నిలబడ్డ కూతురి వైపు చాలాసేపు చూశాడు.

"ఏమీ అనుకోకండి. మీరు ఎవరి అమ్మాయి?"

జనం పగలబడి నవ్వారు. కూతురు సింధూజ కూడా నవ్వబోయి, తండ్రి నిజంగానే జవాబు కోసం ఎదురుచూడటం గమనించి ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

ఆయన పళ్లెం కోసం తడుముకుంటున్నాడు. వకుళే చెవిబిళ్ల తీసి ఆయన చెవిలో పెట్టింది.

"సింధూ, ఏడుస్తున్నావేంటమ్మా?" అన్నాడు ప్రేమగా.

తనను పిలిచింది నాన్నో, చెవిబిళ్లో సింధూజకు తెలియలేదు. అందరినీ భోజనాలకు లేవమని చెప్పి వకుళ మైకు కట్టేసింది.