హిమజ నేర్పిన పేర్లు

సుధేష్ణ చేతివేళ్లలో స్పర్శ పోయింది ఒక ఎండాకాలం పొద్దున, బియ్యం కడుగుతుండగా. నీళ్లు కనిపిస్తున్నాయి కానీ తగలడం లేదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు డాక్టరు. కరెంటు తీగ మీది రబ్బరు ఊడినట్టు నరాల మీది పొర దెబ్బతింటోందట. కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, ఎండకు ఎక్కువవుతుంది.

అనకాపల్లిలో ఆ జబ్బున్న వాళ్లందరికీ అప్పటికే మాట్లాడే గ్లౌజులు ఉన్నాయి. ముట్టుకున్నది ఏమిటో అవి చెవిలో చెబుతాయి. ఇంట్లో ఉన్న వస్తువులన్నిటి పేర్లూ సుధేష్ణ గ్లౌజుకు ఓపిగ్గా నేర్పింది చెల్లెలు హిమజే. ఒకరోజు సుధేష్ణ ఆమె బుగ్గ తాకితే గ్లౌజు, "బన్ను, వెచ్చగా ఉంది," అంది.

"అక్కా, ఇది నువ్వే నేర్పావు కదే దీనికి!"

"నేనెందుకు నేర్పుతానే? ఓసారి అద్దంలో చూసుకో, దాని తప్పేం లేదు."

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత హిమజ తన పేరు కూడా నేర్పింది. అప్పటినుంచి బుగ్గ తాకితే, "హిమజ, వెచ్చగా ఉంది," అనేది గ్లౌజు.

మొన్న మాఘమాసంలో హిమజ గుండె ఆగిపోయింది. ఫ్రీజరు పెట్టెలో ఉన్న చెల్లెలి బుగ్గను సుధేష్ణ తాకి చూసింది. వేళ్లకు ఏమీ తెలియలేదు.

"కొత్త వస్తువు, చల్లగా ఉంది. పేరు చెప్పండి," అంది గ్లౌజు.

ఇప్పుడు రోజూ పొద్దున తొడుక్కోగానే అది ముందు ఆ చల్లటి కొత్త వస్తువు పేరే అడుగుతుంది. వద్దంటే చెరిపేస్తుంది కూడా. సుధేష్ణ ఇంకా పేరూ చెప్పలేదు, చెరిపెయ్యమనీ చెప్పలేదు.