పై బిరడా

తమ్ముడి సంచిలో ఆవిడ ఉన్ని దుప్పటి కుక్కుతోంది. అతను దాన్ని బయటికి లాగుతున్నాడు.

"రెండు రోజుల పనికి దుప్పటెందుకక్కా? నేను వెళ్లేది పాత కార్ల ప్రదర్శనకి. కాపురం పెట్టడానికి కాదు."

"కొండ మీద ఆ కారు మొరాయిస్తే? చలికి కట్టెలా బిగుసుకుపోతావా?"

"మొరాయించకూడదనేగా బావ పొద్దుట్నించీ దాని కిందే కాపురముంటున్నాడు!"

ఆవిడ నవ్వలేదు. మందుల డబ్బా మూడోసారి తెరిచి, మాత్రలు లెక్కపెట్టి, మళ్లీ సంచిలో పెట్టింది. తమ్ముడికి అరవై రెండేళ్లు. మొన్న వేసవిలోనే గుండెకి స్టెంటు వేశారు. వాకిట్లో కారుకి అతని కంటే వయసెక్కువ. తుక్కు కింద కొన్న దాన్ని బావా బావమరుదులిద్దరూ తొమ్మిదేళ్లు కూర్చుని మళ్లీ కారుగా చేశారు. ఈ రోజే అది మొదటిసారి ఊరు దాటడం. అన్నీ మలుపులే ఉన్న కొండదారి. ఒంటరి ప్రయాణం. వద్దురా, వద్దురా అని వారం రోజులుగా చెప్పి చెప్పి ఆవిడ నోరు పడిపోయింది.

"ఓయ్, ఒక పాత గుడ్డ ఇలా పట్రా!" వాకిట్లోంచి భర్త కేకేశాడు.

కారు వెనక భాగం స్టాండ్ల మీద లేచి ఉంది. వెనక చక్రాల మధ్య గుమ్మడికాయలా ఉబ్బిన ఇనుప బుర్ర, డిఫరెన్షియల్. దాని కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడాయన. నలభై ఏళ్లు మెకానిక్కుగా చేసి మానేసిన మనిషి. ఆ బుర్రకి రెండు బిరడాలు. పై దాంట్లోంచి కొత్త ఆయిల్ పోస్తారు, కింది దాంట్లోంచి పాతది కారుస్తారు.

"పై బిరడా తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అంచులు అరిగిపోయాయి, పానా నిలవట్లేదు," అంటూ ఆయన బయటికి జరిగి, నడుం పట్టుకుని లేచాడు. కళ్లజోడు డిక్కీ మీద పెట్టి, ఆవిడ తెచ్చిన గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే కిందిది విప్పెయ్ బావా. ముందు పాతది పోనీ," అన్నాడు వెనకాలే వచ్చిన తమ్ముడు.

"అందుకేరా నిన్ను పానా ముట్టుకోనివ్వను. పైది రాకుండా కిందిది విప్పితే ఉన్నదంతా కారిపోతుంది. కొత్తది పొయ్యడానికి దారుండదు. బండి ఇక్కడే పాతుకుపోతుంది. ముందు పై బిరడా, ఎప్పుడైనా అంతే."

"మరిప్పుడెలా?"

"ఎలా ఏముంది? పాత ఆయిల్‌తోనే వెళ్లిరా. రెండు రోజులకి దానికేం కాదు. చేతులు కడుక్కొచ్చి బండి దించేస్తా."

మగవాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. పానా నేల మీద ఉంది. ఆవిడకి పానాలు కొత్త కాదు. ఆయన అడిగిన నంబరు అందిస్తూనే జుట్టు నెరిసింది. మోకాళ్లు కలుక్కుమంటుండగా వంగింది. పాకుతూ కిందికి వెళ్లింది. కింది బిరడా పట్టీపట్టగానే తిరిగింది.

నల్లటి చిక్కటి ఆయిల్, కుళ్లిన గుడ్డు కంపు కొడుతూ, ధారగా నేల మీదికి దిగింది.

సంచి భుజాన వేసుకుని వచ్చిన తమ్ముడు గావుకేక పెట్టాడు. "బావా! కొంప మునిగింది!"

ఆయన వచ్చి మడుగు చూశాడు. భార్యని చూశాడు. ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది. కొంగు మీద నల్లటి మరక పాకుతోంది.

"నేనేరా," అన్నాడాయన. "పొద్దున కిందిది వదులు చేసి, బిగించడం మర్చిపోయా."

"నలభై ఏళ్ల మెకానిక్కువి! పంక్చర్లేసేవాడు కూడా చెయ్యడు ఇలాంటి పని!"

"తిట్టు. ఇంకాస్త గట్టిగా తిట్టు, పక్కింటివాళ్లకి సరిగ్గా వినపడలేదు."

తమ్ముడు తిట్టలేదు. మెట్టు మీద కూలబడి, "తొమ్మిదేళ్లు బావా," అని మాత్రం అన్నాడు. ఆయన నిట్టూర్చి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"లారీల రోడ్డు అవతల, మన పాత షెడ్డుకి. అరిగిన బిరడాలు పట్టే రెంచి అక్కడే ఉంది. పది నిమిషాల్లో వస్తా."

"ఇంత ఎండలో ఎందుకు? రేపు చూసుకోవచ్చుగా."

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ పని నువ్వు చేశావు. నా పని నన్ను చెయ్యనీ. వాడి మొహం చూడలేకపోతున్నా."

ఆవిడ తమ్ముడి భుజం మీంచి సంచి దించుకుంది. తమ్ముడు పేపరు కొనుక్కోవడానికి వెళ్లినా గేటు దాకా వెంటబడి జాగ్రత్తలు చెప్పే మనిషి, ఆయన గేటు వేసిన చప్పుడుకి తలైనా ఎత్తలేదు. వీధి చివరికి వెళ్లేవాడికి ఎవరు మాత్రం జాగ్రత్తలు చెబుతారు?

సంచి విప్పింది. దుప్పటి బీరువాలోకి, మందుల డబ్బా కిటికీ గూట్లోకి, చొక్కాలు కొయ్యకి. ఒక్కొక్కటీ తీస్తున్నకొద్దీ గుండె మీద బరువు దిగుతోంది. సంచి ఖాళీ అయ్యేసరికి తమ్ముడు మెట్టు మీదే గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. కోపంగా ఉంటే ఉండనీ. కళ్లెదుట ఉన్నాడు.

ఆయిల్ తుడుద్దామని గుడ్డ తీసుకుని కారు దగ్గరికి వెళ్లింది. డిక్కీ మీద కళ్లజోడు అలాగే ఉంది. 'ఈ మహానుభావుడు ఇది లేకుండా ఆ చీకటి షెడ్డులో రెంచి ఎలా వెతుకుతాడో!' అనుకుని, వారం తర్వాత మొదటిసారి నవ్వింది.

తమ్ముడు మరుసటి ఏడాది అదే కారులో, అదే కొండదారిన ప్రదర్శనకి వెళ్లి, మూడో రోజుకి క్షేమంగా తిరిగొచ్చాడు. కళ్లజోడు లేకుండా లారీల రోడ్డు దాటబోయిన ఆవిడ భర్త మాత్రం, ఆ గురువారం పదకొండూ నలభైకి గేటు తీసుకుని వెళ్లినవాడు, మళ్లీ రాలేదు.