లోపాల పెట్టె

కడియంలో మాలలు కట్టే వీరవేణికి ఎడమచెయ్యి యంత్రానిది. నెలరోజులుగా అది పిడికిలి బిగించి విప్పనంటోంది. పాత మోడల్ అంటూ కంపెనీ చేతులు దులుపుకుంది. కాకపోతే చట్టానికి తలొగ్గి, ఆ చేతిని నడిపించే ప్రోగ్రాము మూలరాతను, అంటే సోర్స్ కోడ్‌ను, అందరికీ విడుదల చేసింది. హిందూపురంలో రుక్సానా అనే అమ్మాయి దాన్ని తిరగరాసి, కావలసినవాళ్లకు ఉచితంగా పంచుతోంది.

రిపేరుకొట్టు సత్తిపండు దాన్ని ఎక్కించగానే వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. వీరవేణి అక్కడే కూర్చుని మూరెడు మల్లెలు కట్టింది. ఒక్క పువ్వు జారితే ఒట్టు.

"ఆ పిల్లకి కబురెలా చెప్పాలయ్యా?"

"ఆ ప్రోగ్రాము పేజీలో లోపాలు రాసే పెట్టె ఒక్కటే ఉందక్కా. బాగుందని రాసేవోళ్లు లేక ఇంకోటి పెట్టలేదు."

"అయితే అందులోనే రాయి. లోపమేం లేదమ్మా. నెల్రోజులకి ఇయ్యాలే రెండు చేతులూ కలిపి దండం పెట్టగలిగాను. ఆ మొదటి దండం నీకే."

సాయంత్రానికి రుక్సానా జవాబొచ్చింది. సత్తిపండు చదివి వినిపించాడు.

"పెట్టెలో పడ్డ లోపాన్ని బాగుచేశాక దాని చీటీ మూసేస్తుంటానమ్మా. మీ చీటీ ఒక్కటి మాత్రం తెరిచే ఉంచుకుంటాను."